ముప్పై మిల్లీగ్రాముల గీత

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఒక అంకె మీద నిలబడి ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అంతకు మించి ఆల్కహాల్ ఉన్న మనిషి బండి నడిపినా, నడపబోయినా నేరమే. అతను తూలుతున్నాడా, మాట తడబడుతోందా, ఎవరినైనా గుద్దాడా అన్నది ఈ సెక్షన్‌కు అక్కర్లేదు. 1988లో చట్టం చేసినప్పుడు ఈ అంకె లేదు. రక్తంలో మద్యం ఎంత కొంచెం ఉన్నా నేరమే అని అప్పట్లో రాసుకున్నారు. 1994 సవరణతో 30 మిల్లీగ్రాముల గీత, దానితోపాటు బ్రెత్ ఎనలైజర్ పరీక్ష చట్టంలోకి వచ్చాయి.

ఇలా అంకె పెట్టడం నార్వేతో మొదలైంది. 1936లో ఆ దేశం 50 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. బ్రిటన్ 1967 చట్టంలో 80 పెట్టుకుంది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ హద్దు 80, యూటాలో మాత్రం 50. కాగితం మీద చూస్తే మన చట్టం బ్రిటన్, అమెరికా హద్దులకన్నా కఠినం. ఆ కఠినత్వం రోడ్డు మీదికి ఎంతవరకు వచ్చిందన్నది వేరే సంగతి.

ముప్పై మిల్లీగ్రాములంటే ఎంత తాగినట్టు? మన దగ్గర అమ్మే విస్కీలో, బ్రాందీలో సుమారు 43 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అరవై మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో స్వచ్ఛమైన ఆల్కహాల్ ఇరవై గ్రాములు. డెబ్బై కిలోల బరువున్న మగవాడు ఖాళీ కడుపుతో అది తాగితే రక్తంలో 40 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. ఒక్క పెగ్గుతోనే గీత దాటినట్టు. క్వార్టర్ సీసా మొత్తం తాగితే 120 పైన. బీరు తేలిక సరుకన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో ఉండే ఆల్కహాల్ నలభై గ్రాములు, అంటే రెండు లార్జ్ పెగ్గులు. "బీరే కదా తాగింది" అనే మాట తనిఖీ దగ్గర ఎందుకు పనికిరాదో ఈ లెక్కలోనే ఉంది.

ఈ లెక్క వేసే పద్ధతిని 1930ల ప్రాంతంలో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ ఇచ్చాడు. ఆల్కహాల్ ఒంట్లోని నీటిలో కలిసి వ్యాపిస్తుంది, కొవ్వులోకి పెద్దగా పోదు. అందువల్ల బరువు తక్కువ ఉన్నవారిలో, ఒంట్లో నీటి పాలు తక్కువగా ఉండే స్త్రీలలో, అదే పెగ్గు ఎక్కువ అంకె చూపిస్తుంది. కడుపు నిండా తిని తాగితే ఆల్కహాల్ నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది, శిఖరం కొంత తగ్గుతుంది. మద్యంలో సోడా కలిపారా, కూల్‌డ్రింక్ కలిపారా అన్నదానివల్ల లోపలికి వెళ్లిన గ్రాములు మారవు.

ఎక్కడం ఎంత వేగమో దిగడం అంత నిదానం. ఆల్కహాల్‌లో ఎక్కువ భాగాన్ని విరగ్గొట్టి బయటికి పంపేది కాలేయం. దానికొక జీతగాడి పద్ధతి ఉంది: పని ఎంత పడినా గంటకు చేసేది అంతే. సగటున గంటకు 15 మిల్లీగ్రాములు తగ్గుతాయి, మనిషిని బట్టి కొంచెం ఎక్కువో తక్కువో. మజ్జిగ, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి, ఓ గంట కునుకు, వీటిలో ఏదీ ఆ వేగాన్ని పెంచదు. కాఫీ తాగినవాడికి నిద్రమత్తు పోయినట్టు అనిపించవచ్చు. రక్తంలోని మద్యం అలాగే ఉంటుంది. తేరుకున్నానన్న ధైర్యం వచ్చి స్టీరింగ్ పట్టుకుంటాడు కాబట్టి కాఫీ ఒకరకంగా కీడే చేస్తుంది.

పెళ్లిలోనో, దావత్‌లోనో అర్ధరాత్రి దాకా తాగి 180 మిల్లీగ్రాముల దగ్గర ఆపిన మనిషిని తీసుకుందాం. ఆరు గంటలు నిద్రపోయి పొద్దున లేచేసరికి అతని రక్తంలో ఇంకా తొంభై ఉంటుంది. హద్దుకు మూడు రెట్లు. పది గంటలకు గానీ ముప్పైకి దిగడు. స్నానం చేసి, టిఫిన్ తిని, పిల్లల్ని బడిలో దింపడానికి బండి తీసేవేళకు తాగిన సంగతి అతనికే గుర్తుండదు. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ల చేత డ్యూటీ ఎక్కేముందు ఊదించడానికి, రైళ్ల లోకో పైలట్లకూ అదే పరీక్ష పెట్టడానికి కారణం ఇదే. విమానాల పైలట్లయితే డ్యూటీకి ముందు పన్నెండు గంటలు మద్యం ముట్టకూడదు, పరీక్షలో సున్నా రావాలి.

ముప్పై దగ్గర ఎవరూ తూలరు. మాట కూడా స్పష్టంగానే ఉంటుంది. కానీ ఒకేసారి రెండు మూడు విషయాల మీద దృష్టి పెట్టే శక్తి అప్పటికే తగ్గడం మొదలవుతుంది. ఎదురు బండి హెడ్‌లైట్ కళ్లలో పడినప్పుడు చూపు సర్దుకోవడం, పక్క సందులోంచి వచ్చే ఆటోను పసిగట్టడం, బ్రేకు మీద కాలు పడటం, అన్నీ కొంచెం కొంచెంగా ఆలస్యమవుతాయి. ఎనభైకి చేరేసరికి ప్రమాదం బాగా పెరుగుతుందనీ, ఆపైన నిట్టనిలువుగా లేస్తుందనీ 1960ల మొదట్లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో వేల మంది డ్రైవర్లను పరీక్షించి తేల్చారు. మన రోడ్ల మీద సగానికిపైగా బండ్లు రెండు చక్రాలవే. కారు దానంతట అది నిలబడుతుంది. మోటారు సైకిల్‌ను క్షణక్షణం మనిషే నిలబెట్టాలి. మద్యం మొదట దెబ్బతీసేది ఆ తూకాన్నే.

తాగి నడిపిన నేరం మోటారు కారుతోపాటే పుట్టింది. 1897 సెప్టెంబరులో లండన్‌లో ఒక టాక్సీ డ్రైవర్‌ను ఇందుకు పట్టుకున్నారు. ఆ నేరం మీద అరెస్టయిన మొదటి మనిషి అతనే అంటారు. అప్పట్లో తాగాడని తేల్చడానికి గీత మీద నడిపించడం, నోరు తిరగని మాటలు పలికించడం, డాక్టర్ వాసన చూడటం తప్ప దారి లేదు. మద్యం ఊపిరిలో బయటికి వస్తుందని వైద్యులకు 19వ శతాబ్దంలోనే తెలుసు. 1927లో లాస్ ఏంజిల్స్‌లో ఎమిల్ బోగెన్ అనే వైద్యుడు ఫుట్‌బాల్ బ్లాడర్‌లోకి ఊదించి ఆ ఊపిరిని పరీక్షించాడు. తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయంలో రోలా హార్గర్ అనే రసాయన శాస్త్రవేత్త బెలూన్‌తో పనిచేసే పరికరం చేశాడు. పేరు డ్రంకోమీటర్. 1954లో అదే ఇండియానా రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ బ్రెతలైజర్‌ను తయారు చేశాడు. పొటాషియం డైక్రోమేట్ కలిపిన ఆమ్లంలోకి ఊపిరిని పంపితే, ఆల్కహాల్ తగిలినప్పుడు నారింజ రంగు తగ్గుతూ ఆకుపచ్చ తేలుతుంది. ఎంత రంగు మారిందో కొలిస్తే ఎంత మద్యమో తెలుస్తుంది. పోలీసుకు ప్రయోగశాల అక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు మన పోలీసుల చేతుల్లో ఉన్న పరికరాల్లో రంగులు లేవు. లోపల ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఆల్కహాల్ ప్లాటినం పూసిన పలకను తాకి ఆక్సీకరణం చెందేటప్పుడు చిన్న విద్యుత్తు పుడుతుంది, మద్యం ఎక్కువైతే విద్యుత్తూ ఎక్కువ. పరికరం దాన్ని అంకెగా మార్చి చూపిస్తుంది, చీటీ కూడా అచ్చువేస్తుంది. ఊపిరిని కొలిచి రక్తం సంగతి చెప్పడం ఎలా కుదురుతుంది? ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దగ్గర రక్తానికీ గాలికీ మధ్య పలచటి పొర మాత్రమే ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను దాటి గాలిలోకి వస్తుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉన్నంత ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉంటుందని లెక్క. గట్టిగా, ఆపకుండా, కొన్ని సెకన్ల పాటు ఊదమనడం ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి కోసమే. పైపైన ఊదితే వచ్చేది నోటి గాలి.

ఆ 2,100 అనేది సగటు. మనిషి మనిషికీ కొంత తేడా ఉంటుంది. జ్వరం ఉన్నా, ఊదే తీరు మారినా అంకె అటూ ఇటూ అవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు నోట్లో మిగిలిన మద్యం. అప్పుడే గుటక వేసినవాడికీ, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించినవాడికీ, కొన్ని దగ్గు మందులో, హోమియోపతి చుక్కలో వేసుకున్నవాడికీ పరికరం రక్తంతో సంబంధం లేని పెద్ద అంకె చూపవచ్చు. అది పదిహేను నిమిషాల్లో పోతుంది. కాసేపు ఆగి రెండోసారి ఊదించే అలవాటు అన్ని చోట్లా ఉంటే సగం తగువులు అక్కడే తీరేవి. పరికరాన్ని నియమిత కాలానికి సరిచూడటం, మనిషి మనిషికీ కొత్త గొట్టం వాడటం మరీ మామూలు జాగ్రత్తలు. అయినా కోర్టుల్లో కేసులు నిలిచేదీ వీగిపోయేదీ వీటి దగ్గరే.

పైకి కనబడే లక్షణాలు గానీ, చీటీ గానీ ఒక్కటే చాలదన్న మాట న్యాయస్థానాలు పలుమార్లు అన్నాయి. 1971లో సుప్రీంకోర్టు బచూభాయ్ కర్యాని కేసులో, నోటి వాసన, తడబడే నడక, విప్పారిన కంటిపాపల ఆధారంగానే తాగి ఉన్నాడని తేల్చలేమంది. 2025లో తెలంగాణ హైకోర్టు ఒక ఆర్టీసీ డ్రైవర్‌ను బ్రెత్ ఎనలైజర్ ఫలితం ఒక్కదాన్నే పట్టుకుని ఉద్యోగం నుంచి తీసేయడాన్ని తప్పుపట్టింది. తిరుగులేని ఆధారం రక్త పరీక్షే. దానికీ పద్ధతులున్నాయి. సూది వేసేముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు, తుడిస్తే ఆ స్పిరిటే లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేయాలి. లేకపోతే దారిలోనే రక్తం పులిసి కొత్త ఆల్కహాల్ పుట్టవచ్చు. ఫోరెన్సిక్ లేబొరేటరీలో గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పద్ధతిలో దాన్ని విడదీసి కొలుస్తారు. చనిపోయిన మనిషి విషయంలో, శరీరం కుళ్లేటప్పుడు కూడా ఆల్కహాల్ పుడుతుంది కాబట్టి, కంటిగుడ్డులోని ద్రవాన్ని పరీక్షించడం మేలంటారు.

తనిఖీకి చట్టం ఇచ్చిన అధికారం 203వ సెక్షన్‌లో ఉంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, తాగాడని సందేహించడానికి తగిన కారణం ఉన్నప్పుడు డ్రైవర్‌ను ఊదమనవచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే ఆ నిరాకరణే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుందని 205వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి "ఊదను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నవాడు తన కేసును తనే బలపరుచుకున్నట్టు. వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు గానీ రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే విడిచిపెట్టాలి.

2019 సవరణకు ముందు మొదటిసారి దొరికితే జరిమానా రెండు వేల దాకా. ఇప్పుడు పది వేల రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి పదిహేను వేలు, రెండేళ్లు. కోర్టు లైసెన్సును నిలిపివేయవచ్చు. హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లు కోర్టు మెట్లు ఎక్కేముందు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్‌కు హాజరు కావాలి. భార్యనో, తల్లిదండ్రులనో వెంటబెట్టుకు రమ్మంటారు. జరిమానా కట్టడం కన్నా ఆ గదిలో నాన్న పక్కన కూర్చోవడమే చాలామందికి కష్టం. బండి సంగతికొస్తే, తాగినవాడితో మద్యం తాగని, లైసెన్సు ఉన్న మరో మనిషి ఉంటే బండిని అతనికి అప్పగించాలని, ఎవరూ లేకపోతే దగ్గరివాళ్లకు కబురు చేయాలని తెలంగాణ హైకోర్టు 2021లో పోలీసులకు చెప్పింది.

ప్రాణం పోతే కేసు మారిపోతుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్లు, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అయిదేళ్లు. తాగి నడిపితే మనుషులు చస్తారని తెలిసి నడిపాడని కోర్టు భావిస్తే అది హత్య కిందికి రాని నరహత్య అవుతుంది, శిక్ష పదేళ్ల దాకా పోతుంది. 2006లో ముంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీలు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు ఈ దారినే బలపరిచింది. బీమా కంపెనీలు కూడా ఊరుకోవు. మద్యం మత్తులో జరిగిన ప్రమాదమని చూపగలిగితే సొంత కారు నష్టానికి డబ్బు ఇవ్వవు. ఊపిరి పరీక్ష లేకపోయినా ఇతర ఆధారాలతో కంపెనీ దాన్ని నిరూపించవచ్చని 2021లో సుప్రీంకోర్టు తీర్పు. అమెరికాలో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఈ నేరం మీద అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు.

శిక్షలు పెంచితే తాగి నడపడం తగ్గుతుందా? దొరుకుతామన్న భయం లేనిచోట పది వేలైనా లక్షయినా ఒకటే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ సంగతి ముందే గ్రహించింది. 1982 డిసెంబరులో అక్కడ సందేహంతో పనిలేకుండా దారినపోయే ఏ డ్రైవర్‌నైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఎవరికీ తెలియకుండా, ఏడాది పొడవునా, పెద్ద ఎత్తున చేశారు. మరణాలు గణనీయంగా తగ్గాయి, ఆ ఫలితం నిలిచింది కూడా. మన దగ్గర చట్టం సందేహం ఉండాలంటోంది. వారాంతపు రాత్రుల్లో చౌరస్తాలో బారికేడ్లు పెట్టి వచ్చిన ప్రతివాణ్నీ ఆపడం మాత్రం వాడుక. ఆ బారికేడ్లు ఎక్కడున్నాయో పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులకు చేరుతుంది, బండ్లు సందుల్లోకి తిరుగుతాయి. డిసెంబరు 31 రాత్రి నగరమంతా పోలీసులే. జనవరి 1 పొద్దున రోడ్డు మీద ఉన్న మత్తును కొలిచేవాళ్లు అరుదు.

నగరం దాటిన రోడ్ల సంగతి మరీ ఘోరం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మోటారు సైకిల్ మీద వెళ్తున్న యువకుడు పడి చనిపోయాడు. రోడ్డు మీద మిగిలిన ఆ బండిని హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోవడంతో మంటలు లేచి బస్సులోని ఎందరో సజీవంగా కాలిపోయారు. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ప్రాణనష్టం అంత పెద్దది కాకుండా అతనొక్కడే పోయి ఉంటే ఆ పరీక్ష జరిగేదా అన్నది ఆలోచించవలసిన మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో తాగి నడపడం వల్ల అని రాసింది మూడు శాతం కూడా లేదు. ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనాలు ఇంతకు ఎన్నో రెట్లు చూపిస్తున్నాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది: కొలవనిది లెక్కలోకి రాదు. ఎఫ్ఐఆర్‌లో "అతివేగం" అని రాస్తే పని అయిపోతుంది, ఆ వేగం వెనక ఏముందో ఎవరూ అడగరు.

పరికరానికి కనబడనిది కూడా ఒకటుంది. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలపడం పాత జబ్బే. ఆ కల్లు తాగి బండెక్కినవాడు ఊదితే అంకె చిన్నదే రావచ్చు, మనిషి మాత్రం నిద్రలో జోగుతుంటాడు. 185వ సెక్షన్‌లో మత్తుమందులకూ చోటుంది. ఫ్యూయల్ సెల్ మాత్రం ఆల్కహాల్‌కు తప్ప దేనికీ పలకదు.

అమ్మేచోట హద్దులు పెట్టే ప్రయత్నమూ జరిగింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాతి ఏడాది మార్చిలో చిన్న ఊళ్లకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది, జులైలో పట్టణ పరిధిలోని దుకాణాలకు మినహాయింపు దొరికింది. వైన్ షాపు పక్కనే పర్మిట్ రూమ్, దాని ముందు వరసగా మోటారు సైకిళ్లు, రెండు కిలోమీటర్ల అవతల బ్రెత్ ఎనలైజర్ పట్టుకున్న ఎస్సై. ఎక్సైజ్ ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వాలు ఈ దృశ్యాన్ని మార్చడానికి తొందరపడవు. తాగడానికి బండి మీదే వచ్చేచోట, తిరిగి వెళ్లేది కూడా బండి మీదేనని లైసెన్సు ఇచ్చేవాళ్లకు తెలియనిది కాదు.

అంతవరకూ పరీక్షకన్నా ముందు ఆపగలిగేది పక్కనున్నవాళ్లే. ఎన్ని పెగ్గులయ్యాయో పరికరం కన్నా ముందు తెలిసేది వాళ్లకు. చట్టం వాళ్లనూ వదల్లేదు. తాగిన మనిషిని బండి నడపమని ప్రేరేపించినవారికీ 185వ సెక్షన్‌లో ఉన్న శిక్షే వర్తిస్తుందని 188వ సెక్షన్ చెబుతోంది. వెనక సీట్లో కూర్చుని "ఏం కాదురా, పోనియ్" అన్న స్నేహితుడికి కూడా అవే పది వేలు, అవే ఆరు నెలలు.